లొల్లి ఆగిన ఏడాది

గొంతు బొంగురుపోయి వారాలు గడుస్తున్నా "అదే తగ్గుతుందిలే" అనుకుంటూ మిరియాల కషాయం తాగుతున్న పాటగాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఆ గ్లాసు కింద పెట్టి ఇది చదవండి. నేను ఒక మొత్తం ఎండాకాలం తాగాను. కషాయం మీద నాకేం కోపం లేదు. మా అవ్వ కాచిన కషాయం తాగితే పడకేసినవాడు కూడా లేచి పరిగెత్తుతాడు, మళ్ళీ తాగమంటారేమో అన్న భయానికి. కానీ గొంతు లోపల కాయ కాస్తే కషాయం ఏం చేస్తుంది చెప్పండి!

గండం గడిచింది కాబట్టి ఇవాళ ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అప్పట్లో ఎవరైనా "ఎట్లున్నవ్?" అని అడిగితే ఏడుపొచ్చేది.

మాది సిరిసిల్ల. నేను 1969లో పుట్టాను. నాకు ఊహ తెలిసేసరికే మా ఇంటి ముందరి రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు నడుస్తున్నాయి. సాంచెలంటే మరమగ్గాలే, మా దగ్గర అట్లా అంటారు, అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచినట్టే. బాపు వాటిని నడిపేవాడు, అవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ చప్పుడులో అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందే. అరిచే ఓపిక లేనివాళ్ళు నోరు కదిపి, చెయ్యి తిప్పి మాట్లాడుకుంటారు. మా వాడలో ముసలీ ముతకా అందరికీ పెదాలు చూసి మాట పట్టడం వచ్చు. నాకు మాత్రం అరవడమే ఇష్టం. ఆ నాలుగింటినీ దాటి నా గొంతు వినపడాలని పంతం పట్టి పాడేవాణ్ణి. మీకు సంగీతం నేర్పిందెవరని పేపరాయన ఒకసారి అడిగితే "మా ఇంటి సాంచెలు" అన్నాను. ఆయన అది రాసుకోలేదు.

కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు విక్టర్ దొరికాడు. వాళ్ళది బెల్లంపల్లి, వాళ్ళ నాన్న బొగ్గుబాయిలో గనిపని చేసేవాడు. వాడు చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లిష్ రాక్ క్యాసెట్లు వాడి దగ్గర ఓ సంచీ నిండా ఉండేవి. మొదటిసారి విన్నప్పుడు ఒక్క మాటా అర్థం కాలేదు కానీ ఆ మోత మాత్రం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. "అరే, గిది మా ఇల్లేరా!" అన్నాను. పెళ్ళి బ్యాండులో డ్రమ్ము కొట్టే మహబూబ్‌ను బతిమాలి ముగ్గురం కలిశాం. పాటలు మేమే కట్టుకున్నాం, కరెంటు పోవడం మీద, బస్సు రాకపోవడం మీద, మా అవ్వ తిట్ల మీద. అటు సినిమా పాట కాదు, ఇటు భజన కాదు. వినాయక మండపాల వాళ్ళు "గీ లొల్లి ఏందిరా?" అని మైకు గుంజుకునేవాళ్ళు. మాట బాగుందని బ్యాండుకి ఆ పేరే పెట్టుకున్నాం.

కొన్నేళ్ళకు లొల్లికీ ఒక జనం తయారయ్యారు. కాలేజీల్లో, బొగ్గుబాయిల క్లబ్బుల్లో పిల్లలు బెంచీలెక్కి ఎగిరేవాళ్ళు. నేను పాట చివర పైకెత్తి అరిచే అరుపు కోసమే వచ్చేవాళ్ళు. హైదరాబాద్‌లో ఒక క్యాసెట్ కంపెనీ ఆయన వానాకాలంలో రికార్డింగు పెట్టుకుందాం రమ్మన్నాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు, భూమ్మీద కాలు నిలవడం లేదు.

*1993, ఎండాకాలం*

మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడే గొంతు గీరడం మొదలైంది. అవ్వ కషాయం పెట్టింది. మహబూబ్ వాళ్ళ అమ్మ తేనె పంపింది. విక్టర్ వాళ్ళ అమ్మ ప్రార్థన చేసిన కొబ్బరినూనె ఇచ్చి మెడకు రాసుకోమంది. మూడు మతాల మందులూ వాడుతూ నేను మాత్రం పాడటం ఆపలేదు. గొంతు మొరాయిస్తే ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. మొండి ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు నా గొంతును నేనే పొడిచాను.

బెల్లంపల్లి ప్రోగ్రాంలో పాట మధ్యలో గొంతు చీలిపోయింది. ఉత్త గాలే వచ్చింది. అదేదో కొత్త స్టైలు అనుకుని జనం చప్పట్లు కొట్టారు. స్టేజి వెనక్కి వెళ్ళి ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. విక్టర్ నా వెనకే వచ్చాడు.

"ఏందిరా అది?"

"పాన్."

"నువ్వు పాన్ ఎప్పుడు తిన్నవ్‌రా, అబద్ధాలకోరు!" అంటూ వాడు నా భుజం పట్టుకున్నాడు. 

మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ళ అన్న, గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఆయనకూ మొదట గొంతే బొంగురుపోయింది. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు కానీ అందరం దాని గురించే ఆలోచిస్తున్నామని అందరికీ తెలుసు. కరీంనగర్‌లో చెవి ముక్కు గొంతు డాక్టర్ నోట్లో చిన్న అద్దం పెట్టి చూశాడు. చూసి, ఏమీ అనకుండా హైదరాబాద్ పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. ఆయన ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అవ్వ మొదలుపెట్టింది.

"పాటలు పాటలని గొంతు చింపుకున్నడు. చిన్నప్పుడే రెండు పీకితే గీ బాధ లేకపోవు."

"ఇప్పుడు పీకుతవా? పీకు మరి. ఇగో ఈడనే కూసున్నడు" అన్నాడు బాపు. తర్వాత నా వైపు తిరిగి, "ఫికర్ జెయ్యకు బిడ్డా. గొంతు పోతే పోనియ్. సాంచెలున్నయి గదా. సాంచె నడుపుటానికి గొంతుతోని పనేంది?" అన్నాడు.

పాపం, ధైర్యం చెప్పాలనే అన్నాడు. కానీ ఆ మాట నా గుండెలో దిగింది. గొంతు లేకుండా ఆ షెడ్డులో నేను బతికి ఉండటం నాకు ఊహకందలేదు. చచ్చిపోతానేమో అన్న భయం ఒక పక్క, చావకుండా పాట లేకుండా మిగులుతానేమో అన్న భయం ఇంకో పక్క. నిజం చెబుతున్నాను, రెండోదే పెద్దది. కంచం ముందునుంచి లేచిపోయాను. ఆ పూట బాపు కూడా తినలేదని అవ్వ తర్వాత చెప్పింది.

*1993, ఆషాఢం*

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బెంచీ మీద నేనూ బాపూ కూర్చునేవాళ్ళం. బాపు ఒళ్ళో టిఫిన్ క్యారియర్. ఎదురుగా గోడమీద పెద్ద బోర్డు. బాపుకు చదువు రాదు.

"గా బోర్డు మీద ఏం రాసిండ్రురా?"

"గొంతు డాక్టర్ అని రాసిండ్రు బాపూ."

"ఆఁ" అని తలూపాడు. అక్కడ రాసింది క్యాన్సర్ విభాగం అని. బాపుకు తెలియకుండా దాచానని లోలోపల మెచ్చుకున్నాను. అంతకుముందే నేను మూత్రానికి పోయినప్పుడు ఆయన ఆసుపత్రి ఆయాను అడిగి తెలుసుకున్నాడట! తెలిసి, నాకు తెలుసో లేదో చూద్దామని ఏమీ ఎరగనట్టు నన్ను అడిగాడు. ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటూ ఆ బెంచీ మీద రోజంతా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

పక్కన జగిత్యాల పెద్దాయన ఒకాయన కూర్చునేవాడు. బస్ కండక్టర్‌గా చేసి దిగిపోయాడట. మెడ మధ్యలో రంధ్రం, దానిమీద తెల్ల గుడ్డ. మాట్లాడాలంటే గుడ్డ మీద వేలు అదిమిపెట్టాలి.

"ఏం జేస్తవ్ బిడ్డా?"

"పాటలు పాడుత."

ఆయన సంచీలోంచి జామకాయ తీసి, రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క నాకిచ్చాడు. మళ్ళీ వేలు పెట్టి, "నాది బీడీల పాపం. నీది గట్లాంటిది గాదు. నేను జెప్తున్న గదా" అన్నాడు. ఆయనేం డాక్టరా? అయినా పరీక్ష ఫలితం వచ్చేదాకా నేను పట్టుకుని వేలాడింది ఆ మాటనే. ఆయన పేరు అడగడం మరిచిపోయాను, ఇప్పటికీ మనసుకు గుచ్చుకుంటుంది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఏం లేదు, మత్తులో ఉన్నాను. గొంతులోంచి కోసి తీసిన కాయను పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను దేవుళ్ళందరికీ మాటిచ్చాను. గుడి కనిపిస్తే దండం, దర్గా కనిపిస్తే దండం, పోస్టాఫీసు ఎర్ర డబ్బాకు కూడా పొరపాటున ఒకసారి దండం పెట్టాను.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, నవ్వు తక్కువ. కాగితం చూసి "క్యాన్సర్ కాదు" అంది.

బాపు ఉన్నచోటనే కింద కూలబడ్డాడు. "గట్లనా తల్లీ? గట్లనా?" అంటూ తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను గోడవైపు తిరిగాను.

"ఏం పాడతావు నువ్వు?" అని ఆమె నన్ను అడిగింది. నేను కాగితం మీద 'రాక్' అని రాశాను. ఆమె అది చదివి, "గొంతు మీద కాయలు కాసేలా పాడేది పాట కాదు నాయనా, కుస్తీ. రెండు వారాలు నోట్లోంచి మాట రాకూడదు" అంది. తర్వాత పాడొచ్చా అని రాశాను. "మాట వస్తుంది. పాట సంగతి ఇప్పుడే చెప్పలేను" అంది.

*1993, శ్రావణం*

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి, మీరు చేయకుండా ఉండటానికి. మాట రాకూడదంటే గొంతెత్తి మాట్లాడకూడదని అనుకున్నాను. అందుకని అందరి చెవుల్లో గుసగుసలాడాను. సాంచెల చప్పుడులో గుసగుస వినపడాలంటే ఎంత ఊదాలో ఆలోచించండి. రెండు వారాలకు డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి అదిరిపడింది.

"మాట్లాడాడా?"

"అయ్యో లేదమ్మా, మెల్లగ గుసగుస పెట్టిండంతే" అన్నాడు బాపు గర్వంగా.

ఆమె తల పట్టుకుంది. గుసగుస కూడా గొంతును రాపిడి పెడుతుందని, అంతా మళ్ళీ మొదటినుంచీ అని, ఈసారి దసరా దాకా నోరు మెదపొద్దని తిట్టింది. ఊపిరి తగలకుండా ఉత్త పెదాలు కదిపితే మాత్రం తప్పులేదట. ఇది మా వాడలో పుట్టిన ప్రతివాడికీ వచ్చిన విద్య, నాకే తట్టలేదు చూడండి!

ఇంటికి రాగానే అవ్వ హుకుం జారీ చేసింది. "సాంచెలు బంద్ పెట్టుండ్రి. సప్పుడుంటెనే గదా వీనికి నోరు దురద." బాపు గొణుక్కుంటూనే నాలుగూ ఆపి పాలు తేవడానికి పోయాడు. ఇల్లంతా ఒక్కసారిగా మూగబోయింది.

మా వాడలో సాంచెలు ఊరికే ఆగవు. కరెంటు పోతే ఆగుతాయి, పండగకు ఆగుతాయి. ఆ రెండూ లేకుండా ఒక్క ఇంట్లోనే ఆగాయంటే ఆ ఇంట్లో పీనుగ లేచినట్టు లెక్క. మాకు ఆ సంగతే గుర్తులేదు. కాసేపటికి పక్కింటి రాజవ్వ పరుగున వచ్చింది. అవ్వ వెనక దొడ్లో ఉంది. నేనొక్కణ్ణే మెడకు తువ్వాల చుట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

"ఎవరు బిడ్డా?" అంది రాజవ్వ.

నేను మాట్లాడకూడదు. ఎవరూ పోలేదు, ఏం కాలేదు అన్నట్టు చెయ్యి తిప్పాను. ఆమె ఇల్లంతా చూసింది. బాపు చెప్పులు లేవు, బాపు లేడు. "అయ్యో! మొన్ననే గదరా కొడుకు బతికిండని చక్కెర పంచిండు!" అంటూ గుమ్మంలో కూర్చుని రాగం ఎత్తుకుంది. ఆ రాగం విని వాడ వాడంతా కదిలింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో పెట్టుకుని వచ్చారు. మగవాళ్ళు తువ్వాలలు నెత్తికి కట్టుకుని ఎప్పుడు ఎత్తుదామని మాట్లాడుకుంటున్నారు. నేను పెదాలు కదుపుతూ, చేతులు ఊపుతూ ఉంటే "పోరడు తండ్రి కోసం ఎట్ల తండ్లాడుతుండో సూడుండ్రి" అని ఇంకా ఏడ్చారు.

అప్పుడు బాపు పాల చెంబుతో లోపలికొచ్చాడు.

"ఎవరు సచ్చిండ్రే?" అని రాజవ్వనే అడిగాడు.

రాజవ్వ వేసినంత కేక మా బ్యాండులో నేను ఏనాడూ వేయలేదు. ఆ తర్వాత ఆమె ఎత్తుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. "మనిషి సావకుంటె సాంచెలెందుకు ఆపినవ్‌రా దొంగముండకొడకా" అన్నది ఒక్కటే రాయదగినది. బాపు పోయి నాలుగూ మళ్ళీ పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ అవ్వ చాయ్ పోసింది. నవ్వితే గొంతు కదులుతుందని నేను నోరు రెండు చేతులతో మూసుకుని ఒళ్ళంతా ఊగిపోయాను.

ఆ రోజునుంచి అవ్వతో పెదాలతోనే మాట్లాడాను. కండెలు చుడుతూ నా మొహం చూసి ఇట్టే పట్టేది. ఇరవై నాలుగేళ్ళలో మేమిద్దరం అన్ని కబుర్లు ఎన్నడూ చెప్పుకోలేదు.

విక్టరూ మహబూబూ వారం వారం వచ్చేవాళ్ళు. "ఇన్నేండ్లకు నీ నోరు బందైంది, నాకు జర మాట్లాడే మోకా దొరికింది" అంటూ మహబూబ్ ఊళ్ళ సంగతులన్నీ చెప్పేవాడు. క్యాసెట్ కంపెనీ ఆయన ఇంకెవరినో పెట్టుకున్నాడు. వీళ్ళిద్దరూ బతకాలి కాబట్టి ఒక ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు కుదురుకున్నారు. ఆ మాట నాకెట్లా చెప్పాలో తెలియక విక్టర్ అరగంట గిటారు తీగలు తుడిచాడు. "నీ జాగల ఎవ్వన్నీ నిలవెట్టంరా" అన్నాడు చివరికి. వాడి చెయ్యి పట్టుకున్నాను. వాళ్ళు పోయాక మాత్రం ఏడ్చాను, ఎందుకు దాచాలి?

*1993, దసరా తర్వాత*

డాక్టరమ్మ "ఇక మాట్లాడు" అంది. నోరు తెరవడానికి భయం. "బాపూ" అన్నాను. వచ్చిన శబ్దం నాది కాదు. కిందికి దిగిపోయి, గరుకుగా, ఎవరో పెద్దమనిషి గొంతు.

"గాయన లోపట ఎప్పుడు జొర్రిండురా?" అన్నాడు బాపు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. సంక్రాంతి వెళ్ళాక మెల్లగా, కింది స్థాయిలో పాడుకోవచ్చంది. "ఆ పై అరుపు మాత్రం మరిచిపో. అది ఇక రాదు, తెప్పించాలని చూడకు" అంది. సరేనన్నాను. సిరిసిల్ల బస్సులో కిటికీ వైపు తిరిగి, దుమ్ము పడిందని చెబుతూ, ఊరొచ్చేదాకా కళ్ళు తుడుచుకున్నాను.

పాడొచ్చని చెప్పిన గడువు వచ్చింది, దాటింది. నేను పాడలేదు. విక్టర్ కావాలని మా ఇంట్లో గిటారు వదిలిపెట్టి పోయాడు. నేను దాన్ని తప్పుకుని తిరిగేవాణ్ణి. పాడనంతకాలం నా పాత గొంతు ఎక్కడో ఉందని అనుకోవచ్చు. ఒక్కసారి పాడితే లేదని తేలిపోతుంది. మెల్లగా పోయి బాపు పక్కన సాంచె దగ్గర నిలబడటం మొదలుపెట్టాను. ఆయన తెగిన పోగు ఎట్లా అతకాలో చూపించాడు, అంతే.

*1994, బాసర*

వసంత పంచమి రద్దీ తగ్గాక ఒకరోజు అవ్వ బాసర పోదామంది. ఎందుకో చెప్పలేదు. మబ్బులనే, ఇంకా తెల్లారకముందే లేచి ముగ్గురం బస్సెక్కాం. గోదావరిలో స్నానం చేశాం, అమ్మవారి దర్శనం అయింది. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే తల్లిదండ్రులతో గుడి నిండా గోల. మళ్ళీ నది మెట్ల దగ్గరికి వచ్చాక అవ్వ కూర్చుని "ఇగ పాడు" అంది.

"ఏంది?"

"నీ ఆపరేషన్ నాడు మొక్కిన. గొంతు నిలవెట్టు తల్లీ, నా కొడుకు మొదటి పాట నీకేనని. గందుకే ఇన్ని దినాలు నిన్ను పాడుమని అడగలే."

"అవ్వా, నాకు భజనలు రావు."

"వచ్చిందే పాడు. సరస్వతమ్మకు రాని పాటుంటదా?"

"గొంతు మంచిగ లేదే."

"ఉన్నకాడికే మొక్కిన. మొక్కు బాకీ ఉంచుతవా?" అంది. బాపు నీళ్ళవైపు చూస్తున్నాడు.  నా పాటలన్నీ పై అరుపు మీద కట్టినవే. వెతికి వెతికి చూస్తే కింది స్థాయిలో నడిచేది ఒక్కటే దొరికింది. అవ్వ తిట్ల పాట. ఇంకోటి లేదు. కళ్ళు మూసుకుని మెల్లగా మొదలుపెట్టాను.

*మా అవ్వ నోరు దెరిస్తే*
*నాలుగు సాంచెలు సిగ్గువడ్తయి*
*పొద్దుగాల తిట్టు, పగటీలి తిట్టు*
*తింటే తిట్టు, తినకుంటే తిట్టు*

గొంతు గరుకుగా, తడబడుతూ వచ్చింది. కానీ వచ్చింది! తెగలేదు. కళ్ళు తెరిచి చూస్తే అవ్వ చేతులు జోడించి కళ్ళు మూసుకుని భక్తిగా వింటోంది. రెండో ముక్కకు ఒక కన్ను తెరిచింది. నాలుగో ముక్కకు రెండూ తెరిచింది. ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు, మొక్కు మధ్యలో ఎట్లా ఆపుతాను?

*తిట్టు ఆగిన నాడు, ఓ అవ్వా*
*నాకు ఆకలి గాదు*

పాట అయిపోయింది. మెట్ల మీద బట్టలు పిండుతున్న ఆమె పని ఆపి చూస్తోంది. అవ్వ జోడించిన చేతులు దించింది.

"గిదేనారా, ఇన్నేండ్లసంది నువ్వు ఊరూరా పాడేది?"

"ఔనే."

"మైకులు వెట్టుకొని?"

"ఔ."

"సరస్వతమ్మ ముంగట కన్నతల్లి ఇజ్జత్ దీస్తవా!" అంది. బాపు నవ్వాపుకోలేక తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. అవ్వ ఆయన్ని ఒక చూపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "నీ గొంతు మంచిగున్నప్పుడే నయముండెరా. ఒక్క ముక్క సమజుగాకపోతుండె."

నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వు కూడా బొంగురే. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా తడి ఆగలేదు.

"ఆఖర్కి ఏమంటివి? తిట్టు ఆగిన నాడు ఏమైతదంటివి?"

"విన్నవ్ గద అవ్వా."

"సక్కగ వినలే. మల్ల పాడు."

మళ్ళీ పాడాను.